ఆరుబయట కుటుంబం

నీలంపూడి ఊళ్ళో నీళ్ళు లేవన్న సంగతి అందరికీ తెలిసిందే. ఆనందం కూడా లేదన్న సంగతి మాత్రం, పురపాలక కమిషనర్ హరవిలాస్ గారు బెంగుళూరు వెళ్ళి ఒక సదస్సులో కూర్చుని వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఆ సదస్సు ఆనంద నగరాల గురించి. ఒక ఊరు సుఖంగా ఉందో లేదో అక్కడి రోడ్లను బట్టీ మురుగుకాలవలను బట్టీ తేల్చకూడదనీ, అక్కడి కుటుంబాల ఫోటోలను బట్టి తేల్చాలనీ ఒక పెద్దమనిషి తెరమీద బొమ్మలు వేసి మరీ నిరూపించాడు. రోడ్లనూ మురుగుకాలవలనూ లెక్కలోంచి తీసేయొచ్చని వినగానే కమిషనర్ గారికి ప్రాణం లేచొచ్చింది. తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు వేశారు. ఊళ్ళో ప్రతి ఇంటివారూ తమ కుటుంబ చిత్రం ఒకటి పురపాలక సంఘానికి దాఖలు చేయాలి. చిత్రం ఆమోదం పొందిన ఇంటికే ఇకమీదట కొత్త కుళాయి.

ఆ ఉత్తర్వు చదివి ఊళ్ళో చాలామంది నవ్వుకున్నారు. గానుగవీధి అనసూయకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వీధి చివరికి నీళ్ళ ట్యాంకరు వచ్చిందని కేక వినబడితే చాలు, సగం కుట్టిన జాకెట్టు చేతిని అలాగే సూది కింద వదిలేసి బిందె పట్టుకుని పరుగెత్తాలి. వెనక్కొచ్చేసరికి భుజం లాగేస్తుంది, ఆ తర్వాత కుట్టిన కుట్టు వంకర పోతుంది. జాకెట్టు బిగుతైందని వచ్చినవాళ్ళు ట్యాంకరుని తిట్టరు కదా, అనసూయనే తిడతారు. కుళాయి ఒక్కటి వస్తే చాలు, తన చేతిపని మళ్ళీ తిన్నగా సాగుతుందని ఆవిడ ఆశ.

చిక్కల్లా ఏమిటంటే, ఒక డోరు నంబరుకు ఒక్కటే కుళాయి. ఆ నంబరులో ఉన్నవాళ్ళంతా ఒకే చిత్రంలో ఉండాలి. అనసూయ ఉండే ఇంట్లో ఉన్నవి రెండు కాపురాలు. ముందు భాగంలో బావగారు సత్తిరాజూ, తోడికోడలు రత్నమాలా. వెనక భాగంలో అనసూయా, ఆవిడ భర్త సూరిబాబూ. అత్తగారు నూకాలమ్మ పగలు పెద్ద కొడుకు దగ్గరా రాత్రి చిన్న కొడుకు దగ్గరా భోంచేసి, ఎవరి కూర బాగుందో రెండోవాళ్ళకు చెబుతుంది. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.

ఆ మాటల్లేకపోవడానికి కూడా ఒక ఫోటోయే కారణం. సత్తిరాజు పెళ్ళినాడు బంధువులంతా ఫోటోకి నిలబడ్డప్పుడు, ఎవరో మగపెళ్ళివారికి ఐసు కావాలంటే సూరిబాబు సైకిలేసుకుని వెళ్ళాడు. వాడు వచ్చేలోగా ఫోటో అయిపోయింది. ఆ సంగతి అప్పుడెవరూ గమనించలేదు. ఫోటో కడిగి వచ్చాక సూరిబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మరి నేనేడీ?” అన్నాడు. సత్తిరాజు కూడా చూసి, “అవున్రోయ్, నువ్వు లేవే!” అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే మాటలు ఆగిపోయాయి. అనసూయ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు అత్తగారు ఇంట్లో దేవుడి గూడూ, పెరట్లో నుయ్యీ చూపించినట్టే ఆ ఫోటోను కూడా చూపించి సంగతి చెప్పింది. ఆ నుయ్యి తర్వాత ఎండిపోయింది. కోపం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు వీళ్ళిద్దర్నీ ఒకచోట నిలబెట్టాలి. తోడికోడళ్ళిద్దరూ గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి మంతనాలాడారు.

సత్తిరాజు బియ్యం మిల్లులో గుమస్తా. ప్రతిదానికీ ఒక పద్ధతుండాలంటాడు. “ఫోటో అంటే స్టూడియోలో తీసేదే. వెనక తెరుండాలి, ముందు కుర్చీ ఉండాలి. ఆరుబయట తీసేదాన్ని ఫోటో అనరు. ఎక్కడైనా లారీ బోల్తాపడితే పోలీసులు తీస్తారే, అదీ ఆ బాపతు” అన్నాడు రత్నమాలతో, గోడవతల తమ్ముడికి వినబడేటట్టు.

సూరిబాబు బడి పిల్లల వ్యాను నడుపుతాడు. “స్టూడియోలో నాకు ఊపిరాడదు. కాలవగట్టు మీదైతే గాలీ వెలుతురూ ఉంటాయి. చోటు బోల్డు. ఎవరూ మిగిలిపోరు” అన్నాడు అనసూయతో, గోడవతల అన్నకు వినబడేటట్టు.

ఉత్తర్వులో ఎక్కడ తీయించుకోవాలో రాసిలేదు. పెద్దవాడి మాట కదా అని ముందు స్టూడియోకే వెళ్ళారు.

మోహినీ స్టూడియో భీమశంకరం దగ్గర ఉన్నది ఒకటే తెర. దానిమీద మంచుకొండలు, కింద సరస్సు, సరస్సులో హంస. నూకాలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కోడళ్ళను వెనక నిలబెట్టి, అన్నదమ్ములను చెరో కొసకీ సర్దాడు. “కాస్త దగ్గరికి జరగండి బాబూ, హంస కనబడిపోతోంది” అని బతిమాలాడు. ఇద్దరూ చెరొక బొటనవేలంత జరిగారు. హంస కనబడుతూనే ఉంది.

ఆ ఫోటో పట్టుకుని అనసూయ పురపాలక కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ కొత్తగా కుటుంబ చిత్ర పరిశీలనాధికారి అనే పదవి పుట్టింది. అందులో కూర్చున్న తారకేశం గారు అంతకుముందు వీధికుక్కల విభాగం చూసేవారు. ఆయన భూతద్దం పెట్టి ఫోటోను ఆ చివరినుంచి ఈ చివరికి చూశారు.

“సదరు చిత్రంలో మంచు పర్వతములు కనబడుచున్నవి” అన్నారు.

“అవునండీ.”

“నీలంపూడి పురపాలక పరిధిలో మంచు పర్వతములు లేవు. కావున సదరు కుటుంబం ఈ ఊళ్ళో నివసించుట లేదని భావించవలసి వచ్చుచున్నది.”

“అది తెరండీ. వెనకాల తెర.”

“తెర అని చిత్రంలో ఎక్కడ రాసి ఉన్నది?”

అనసూయ ఫోటోను మళ్ళీ చూసింది. నిజమే, ఎక్కడా రాసిలేదు.

ఆ వారంలోనే కమిషనర్ గారు వచ్చిన చిత్రాలన్నీ బల్లమీద పరిచి చూసుకున్నారు. ఎవరిని చూసినా ఆ మంచుకొండలే, ఆ హంసే. అందరూ ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నారు. “వీళ్ళు కుటుంబాల్లా లేరయ్యా. కోర్టులో సాక్షుల్లా ఉన్నారు” అని నిట్టూర్చారు. సాయంత్రానికల్లా సవరణ ఉత్తర్వు వచ్చింది. కుటుంబ చిత్రములు ఆరుబయట, ప్రకృతి ఒడిలో, సహజమైన వెలుతురులో, సహజమైన చిరునవ్వుతో మాత్రమే తీయించుకొనవలెను.

సూరిబాబు ఆ ఉత్తర్వును గట్టిగా రెండుసార్లు చదివించుకున్నాడు, గోడ పక్కన నిలబడి. ఆదివారం నాడు కొత్త చొక్కా వేసుకుని అందరికంటే ముందు వ్యానులో కూర్చున్నాడు. సత్తిరాజు గొడుగు పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. దారిపొడుగునా తమ్ముడు ముందుకూ, అన్న కిటికీలోంచి బయటకీ చూశారు. కాలవగట్టు మీద భీమశంకరం పదిరకాలుగా నిలబెట్టి తీశాడు. గాలికి నూకాలమ్మ కొంగు ఎగిరి రత్నమాల మొహానికి చుట్టుకుంటే అందరికీ నవ్వొచ్చింది. అన్నదమ్ములు కూడా నవ్వారు, విడివిడిగా. అదే క్షణంలో భీమశంకరం నొక్కేశాడు. ఫోటో చూసి అనసూయ, ఇంక కుళాయి వచ్చినట్టే అనుకుంది.

తారకేశం గారు భూతద్దం ఒక మూల ఆపారు.

“ఈమె ఎవరు?”

అనసూయ వంగి చూసింది. “గేదండీ.”

“కుటుంబానికి ఏమవుతుంది?”

“ఏమీ అవదండీ. గట్టు మీద పోతోంది.”

“పోయేవారు పోతారు. ఆగి, కుటుంబం చూస్తున్న దిక్కే చూడరు. అదీగాక ఈ చిత్రంలో అందరికంటే సహజమైన ముఖభావం ఈమెదే. ఈమెను మీరు సభ్యురాలిగా ప్రకటించలేదు. వాస్తవాలు దాచిన నేరం కిందకు వస్తుంది.”

“మా గేదె కాదు మహాప్రభో!”

“కాదని గేదె యజమాని నుంచి సంబంధరాహిత్య ధ్రువపత్రం తెండి.”

గేదె యజమాని ఎవరో కనుక్కుని, వాళ్ళ ఊరు వెళ్ళి అడిగితే, ఆయన అనుమానంగా చూశాడు. “ఇంతదూరం వచ్చి గేదె మీది కాదని రాయించుకుంటున్నారంటే, ఇందులో ఏదో మెలిక ఉంది” అని సంతకం పెట్టనన్నాడు.

ఈ బాధ వాళ్ళొక్కరిదే కాదు. ఒకరి చిత్రంలో మేకలు పడ్డాయి, ఇంకొకరి దాంట్లో పక్కింటి ఆయన పళ్ళు తోముకుంటూ పడ్డాడు. ఆయన్ని ఇద్దరు ముగ్గురి కుటుంబాల్లో చూసి తారకేశం గారు మండిపడ్డారు. ఊళ్ళో బయట అనేదానికి ఒక హద్దంటూ లేకపోవడమే ఈ అరాచకానికి కారణమని కమిషనర్ గారు గుర్తించి, పురపాలక ఉద్యానవనంలో ఉన్న కానుగచెట్టు కింద చోటును అధీకృత ఆరుబయలుగా ప్రకటించారు. ఇకమీదట ఊరంతటికీ బయట అంటే అదే.

ఊరంతా ఆ చెట్టు కింద వరస కట్టింది. కుదురుగా నిలబడడానికి కొమ్మలు పట్టుకుంటే విరిగిపోయాయి. పిల్లలు ఏడవకుండా ఆకులు తెంపి ఇస్తే ఆకులూ అయిపోయాయి. తొక్కిడికి గడ్డి చచ్చింది. దాంతో చిత్రాలన్నీ ‘ప్రకృతి లోపించినది’ అన్న ముద్రతో వెనక్కి రావడం మొదలైంది. పురపాలక సంఘం వెంటనే కదిలి చెట్టుకు ప్లాస్టిక్ ఆకులు కట్టించింది, కింద ఆకుపచ్చ పట్టా పరిపించింది. అంతలో వానాకాలం వచ్చి ప్లాస్టిక్ ఆకుల రంగు దిగి జనం బట్టలకు అంటుకుంటుంటే, చెట్టు మీదుగా రేకుల షెడ్డు వేయించింది. షెడ్డు కింద చీకటైతే దీపాలు పెట్టించింది. ఆకాశం కనబడటం లేదని పై అధికారులు అభ్యంతరం చెబితే, నీలంగుడ్డ మీద తెల్లమబ్బులు వేయించి వెనక వేలాడదీసింది. గాలికి ఆకాశం కొట్టుకుంటోందని నాలుగు వైపులా గోడలు లేపి, ఒక తలుపు పెట్టి, తలుపు మీద బోర్డు రాయించింది: ‘ఆరుబయలు. లోపలికి దారి.’

ఇక్కడ ఇలా ఉండగా, మోహినీ స్టూడియోకి ఈగ కూడా వాలడం లేదు. భీమశంకరం ఆలోచించి, ఆలోచించి, స్టూడియో పైకప్పు పీకించేశాడు. మంచుకొండల తెర చుట్టబెట్టి, నేలంతా నిజం గడ్డి నాటించి, తనదీ ఆరుబయలేనని గుర్తించమని అర్జీ పెట్టుకున్నాడు. నిపుణుల సంఘం వచ్చి లోపల నిలబడి, నిజం వానలో నిజంగా తడిసి, ఇది స్టూడియోయేనని తేల్చి వెళ్ళింది.

ఈ సంగతి తెలిసి సత్తిరాజు ఉండబట్టలేక కార్యాలయానికి వెళ్ళాడు. “కప్పూ గోడలూ ఉన్నదాన్ని బయట అంటారు, కప్పే లేనిదాన్ని లోపల అంటారు. ఇదెక్కడి పద్ధతండీ?” అని అడిగాడు.

తారకేశం గారు ఓపిగ్గా చెప్పారు. “పురపాలక స్థలంలో ఉన్నదంతా బయట. ప్రైవేటు స్థలంలో ఉన్నదంతా లోపల. ఆకాశం ఎక్కడున్నదనేది పరిగణనలోకి రాదు. ఆకాశం మన పరిధిలోనిది కాదు గనక.”

సత్తిరాజు ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు. జీవితమంతా పద్ధతిని నమ్ముకున్న మనిషి. పద్ధతి ఇలా కూడా ఉంటుందని ఆయనకు తెలియదు.

చివరికి వాళ్ళ వంతు వచ్చింది. పురపాలక ఫోటోగ్రాఫరు అందర్నీ చెట్టు చుట్టూ నిలబెట్టాడు. తారకేశం గారు పక్కన నిలబడి, సహజమైన చిరునవ్వులో దంతములు కనబడవలెనని గుర్తుచేశారు. నూకాలమ్మ నోరు బార్లా తెరిచి, “ఉంటే వెతుక్కో నాయనా” అంది. అందరూ నవ్వబోతుండగా వెనక ఆకాశానికి కట్టిన వెదురుగడ ఒక పక్కన ఊడింది. గడతో సహా మబ్బులన్నీ ముసలావిడ నెత్తిమీదికి వాలుతుంటే, సూరిబాబు ఒక్క గెంతు గెంతి గడ పట్టుకున్నాడు.

“అలాగే పట్టుకో! కదలకు! ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది” అని ఫోటోగ్రాఫరు నొక్కేశాడు.

ఆ చిత్రం మర్నాడే ఆమోదమైంది. ఆమోదముద్ర చూసి అనసూయకు పట్టరాని సంతోషం వేసింది. ఇంటికొచ్చి అందరికీ చూపించాక గానీ దాన్ని సరిగ్గా చూడలేదు. అత్తగారున్నారు, బావగారున్నారు, రత్నమాల ఉంది, తనుంది. తన పక్కన మనిషి లేడు. ఫోటో కొసన, తెల్లటి మబ్బు అంచు మీద, నాలుగు వేళ్ళు మాత్రం ఉన్నాయి.

సూరిబాబు చూశాడు. బయటికి వెళ్ళి, పొద్దున కడిగిన వ్యానునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఏదో ఒకటి అన్నా బాగుండేదనిపించింది అనసూయకి. ఫోటో తిరగేసి మిషను మీద పెట్టింది.

ఒక వారం గడిచాక తారకేశం గారు ఆమోదిత చిత్రం చేత్తో పట్టుకుని తనిఖీకి వచ్చారు. ఒక్కొక్క మొహాన్నీ చిత్రంతో పోల్చి చూసుకుంటూ వస్తూ, సూరిబాబు దగ్గర ఆగారు.

“ఈ వ్యక్తి ఎవరు?”

“మా ఆయనండీ” అంది అనసూయ.

“చిత్రంలో లేరు.”

“ఉన్నారండీ. ఇవిగో, ఇవి ఆయన వేళ్ళు.”

తారకేశం గారు భూతద్దంతో చూసి, ఒప్పుకున్నారు. “నిజమే. వేళ్ళ మేరకు మాకు అభ్యంతరం లేదు. మిగతా మనిషి మాత్రం ఈ ఇంట్లో ఉండుట ఆక్రమణ కిందకు వచ్చును. వారంలోగా తొలగించుకొనవలెను. లేనిచో పురపాలక సంఘమే తొలగించును.” అంటూనే నోటీసు తీసి గోడకు అంటించారు.

సూరిబాబు తను పుట్టిన ఇంట్లో, తండ్రి కట్టిన గోడ పక్కన నిలబడి, తల వంచుకున్నాడు. భర్త అలా నిలబడటం అనసూయ ఎన్నడూ చూడలేదు. నోటిదాకా వచ్చిన మాట ఆవిడ అనబోయేలోగానే ముందు భాగం తలుపు దబాలున తెరుచుకుంది. సత్తిరాజు సగం మొహాన సబ్బునురగతో, చేతిలో కత్తితో బయటికొచ్చాడు.

“ఎవడయ్యా ఆక్రమించింది? వాడు నా తమ్ముడు!”

వీధంతా వినబడింది. తారకేశం గారు కత్తి వంక చూసి రెండడుగులు వెనక్కి వేశారు. సూరిబాబు తలెత్తి అన్న వంక చూశాడు. సత్తిరాజు వాడి వంక చూడలేదు. కోపంతో ఊగిపోతూ గోడమీది నోటీసు పీకి, దాంతోనే మొహం మీది సబ్బు తుడుచుకున్నాడు.

అందరూ కలిసి కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, జాలిగా చూశారు.

“మీ ఆవేదన అర్థమవుతోంది. కానీ చిత్రం అబద్ధం చెప్పదు కదా!”

“నా పెళ్ళినాటి నుంచీ చెబుతూనే ఉందండీ” అన్నాడు సత్తిరాజు. “అప్పుడూ వీడు మా పనిమీదే పోయి ఫోటోలో లేకుండా పోయాడు. అప్పుడు నేను నవ్వాను. మీరు నయం, నవ్వడం లేదు.”

సూరిబాబు కిటికీ వైపు తిరిగి, అక్కడేదో ఉన్నట్టు చూడసాగాడు.

కమిషనర్ గారు నియమావళి తెప్పించారు. ఆమోదిత చిత్రంలోకి కొత్త వ్యక్తిని చేర్చుకోవడానికి మూడే దారులున్నాయని తారకేశం గారు చదివి వినిపించారు. జననము, దత్తత, వివాహము.

“మళ్ళీ కనాలా వీణ్ణి?” అంది నూకాలమ్మ. “అప్పుడే చచ్చి బతికాను.”

దత్తతకు సూరిబాబు వయసు మీరిపోయింది. తారకేశం గారు చిత్రం వంకా అనసూయ వంకా మార్చి మార్చి చూసి, గొంతు సవరించుకున్నారు. “వివాహమునకు అవకాశం ఉన్నది. చిత్రం ప్రకారం ఈ మహిళకు భర్త లేడు. కాబట్టి సదరు ఆక్రమణదారుణ్ణి ఈమె పెళ్ళాడుటకు పురపాలక సంఘమునకు అభ్యంతరం లేదు.”

అనసూయ చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని పుస్తెల మీదికి పోయింది. ఒళ్ళు మండిపోయింది. ఏమన్నా అందామంటే, ఎదురుగా కూర్చున్న ఇద్దరి మొహాల్లోనూ వేళాకోళం లేదు. వాళ్ళు నిజంగానే సాయం చేస్తున్నామనుకుంటున్నారు.

వ్యానులో తిరిగొస్తూ సూరిబాబు అడిగాడు.

“ఏమంటావు?”

“దేనికి?”

“అదే… పెళ్ళికి.”

“ఆలోచించుకోవాలి” అంది అనసూయ. “మొదటిసారి ఎవరూ నన్ను అడగలేదు. ఈసారి అడిగారు కాబట్టి ఆలోచించుకుంటాను.”

వెనక సీట్లో రత్నమాల కిసుక్కుమంది. సూరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. వీధి మలుపు తిరిగాక అనసూయే అంది, “కుళాయి వచ్చాక నీళ్ళు పట్టడం మీదే. ఇష్టమైతే చెప్పండి, లేకపోతే ఇంకో సంబంధం చూసుకుంటాను.”

“పడతాను” అన్నాడు సూరిబాబు.

ఆ పెళ్ళి ఆరుబయలు లోపల జరిగింది. చెట్టుకు కొత్త ప్లాస్టిక్ ఆకులు కట్టారు, ఆకాశాన్ని ఇస్త్రీ చేశారు. పెళ్ళిపెద్దగా సత్తిరాజు పంచె కట్టుకుని వచ్చాడు. మూడు ముళ్ళూ పడి ఫోటోకి నిలబడే వేళయ్యేసరికి, తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అంతలో ఎవరో సోడాలు తెమ్మని కేకేశారు. పెళ్ళికొడుకునన్న సంగతి మరిచిపోయి సూరిబాబు అలవాటుగా కదిలాడు.

“ఎవడికి దాహమేస్తే వాడే తెచ్చుకుంటాడు” అన్నాడు సత్తిరాజు. “నువ్వు నిలబడరా.”

అన్న తనతో నేరుగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో సూరిబాబుకు లెక్క లేదు. నిలబడ్డాడు. ఫోటో తీయడం అయిపోయింది, పక్క కుటుంబం వచ్చి చోటు ఖాళీ చేయమని తొందరపెడుతోంది, సత్తిరాజు మాత్రం ఆ చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని వ్యానుదాకా వచ్చాడు. ఆ రోజు ముందు సీట్లో కూర్చున్నాడు.

ఆ చిత్రానికి ఏ అభ్యంతరమూ రాలేదు. కుళాయి మంజూరైనట్టు కాగితం కూడా వచ్చింది. అనసూయ గుమ్మం పక్కన చోటు ఊడ్చి, బిందెకు చింతపండు పెట్టి తోమి, పైపుల వాళ్ళకోసం ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. ఒకరోజు సూరిబాబు పిల్లల్ని దింపి వస్తూ, చూసినదాన్ని నమ్మలేనట్టు ఇంట్లోకి వచ్చాడు.

“మన కుళాయి వేసేశారు” అన్నాడు.

“ఎక్కడ?”

“పార్కులో. చెట్టు కింద. మన డోరు నంబరు రాసి ఉంది.”

ఇద్దరూ కార్యాలయానికి పరుగెత్తారు. తారకేశం గారు వాళ్ళ ఆమోదిత చిత్రాన్ని తీసి బల్లమీద పెట్టారు.

“ఈ చిత్రంలో మీ కుటుంబం ఎక్కడున్నది?”

“చెట్టు కిందండీ.”

“కుటుంబం ఉన్నచోట కదా కుళాయి వేయవలసింది?”

అనసూయ ఏదో అనబోయి, మంచుకొండలు గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆ తెర ముందే ఆమోదమైపోయుంటే బిందె పట్టుకుని ఎక్కడికి పోవాల్సి వచ్చేదో!

వాళ్ళ కుళాయి ఒక్కటే కాదు. ఆమోదం పొందిన ప్రతి కుటుంబానికీ అక్కడే వేశారు. పైపులు దించడానికి షెడ్డు అడ్డమొచ్చి కప్పూ గోడలూ కింది పట్టాతో సహా తీసేశారు, ఆకాశాన్ని చుట్టి గోదాములో పెట్టారు. చెట్టు చుట్టూ కుళాయిలే కుళాయిలు. మంచినీళ్ళ పెద్ద గొట్టం ఎప్పటినుంచో ఆ పార్కు పక్కనుంచే పోతోంది గనక, ఏ కుళాయి తిప్పినా నీళ్ళు ఉరికాయి. ఊళ్ళో ఎవరూ అంత నీళ్ళు ఎన్నడూ చూసి ఉండలేదు.

ఇంక ఊరంతా పొద్దున లేస్తే అక్కడే. మొదట బిందెలతో వచ్చారు. తర్వాత మోసుకుపోవడం ఎందుకని బట్టలు తెచ్చుకుని ఉతుక్కున్నారు, పిల్లలకు అక్కడే నీళ్ళు పోశారు. రత్నమాల పొయ్యి తెచ్చి కాఫీ కాచింది. అనసూయ మిషను కూడా వ్యానులో వేసుకొచ్చి చెట్టు మొదట్లో పెట్టుకుంది. కుట్టు మళ్ళీ తిన్నగా పడుతోంది. పారిన నీళ్ళకు కానుగచెట్టు చిగుర్చింది, చచ్చిన గడ్డి మళ్ళీ మొలిచింది. ఇచ్చిన మాట ప్రకారం సూరిబాబు నీళ్ళు పడుతుంటే, బిందె ఎలా వంచి పెట్టాలో సత్తిరాజు పక్కన నిలబడి పద్ధతి చెబుతున్నాడు. నూకాలమ్మకు పగటి భోజనం ఎవరిదో రాత్రి భోజనం ఎవరిదో తేడా తెలియకుండా పోయింది.

అలాంటి ఒకనాటి పొద్దున, ఆనంద నగరాల పరిశీలక బృందం నీలంపూడికి వచ్చింది. బృందానికి నాయకుడైన పెద్దమనిషి, కమిషనర్ గారు దారి చూపుతుండగా, తళతళలాడే బూట్లతో పార్కులో అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాడు. ఎక్కడ చూసినా కుటుంబాలు. ప్రకృతి ఒడి, సహజమైన వెలుతురు. ఎవరూ చెప్పకుండానే అందరి దంతాలూ కనబడుతున్నాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. దగ్గర్లో మిషను తొక్కుతున్న అనసూయను చూసి ఆప్యాయంగా అడిగాడు.

“మీ ఇల్లెక్కడమ్మా?”

అనసూయ గానుగవీధి అనబోయింది. ఆయన వెనక నిలబడ్డ కమిషనర్ గారు ఊపిరి బిగబట్టి తన వంకే చూస్తున్నారు. తారకేశం గారు ఆమోదిత చిత్రం పైకెత్తి చూపిస్తున్నారు. ఆవిడ సూది పైకెత్తి, దారం తెంపి, లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

“ఇదేనండీ మా ఇల్లు” అంది, కుళాయి పక్కనున్న నేల చూపించి. “అయ్యో, బయటే నిలబడ్డారేం? లోపలికి రండి.”

పెద్దమనిషి అటూ ఇటూ చూశాడు. పైకి చూశాడు. కమిషనర్ గారి వంక చూశాడు. కమిషనర్ గారు, తప్పదన్నట్టు, మెల్లగా వంగి తన బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి బృందమంతా విప్పింది. బూట్లన్నీ గడ్డిమీద వరసగా పెట్టి, ఒకరి వెనక ఒకరు, తల తగలకుండా కాస్త వంగి, లోపలికి వచ్చారు.